దూలం మీద దసరా రంగులు

"పుట్టిన ఏడు తెలియని దూలానికి జాతకం రాసేశారా, ఇంజనీరుగారూ?"

చోడవరంలో సత్యారావుగారి బియ్యపు మిల్లు. నిచ్చెన మీదున్న గణపతిరావు ఉలిక్కిపడ్డాడు. కింద మిల్లుదారు కూతురు వరహాలక్ష్మి, ఫిజిక్సులో డిగ్రీ చదివిన పిల్ల. ఆమె గొంతు వింటే అతని లెక్కలు తడబడటం ఈ వారంలో కొత్త కాదు.

"జాతకాలు నమ్మను. కొలతలే నమ్ముతాను."

తెల్లదొరల నాటి ఆ ఉక్కు దూలం అంగుళాలలో పుట్టింది. నేటి మిల్లీమీటర్ల పట్టికలలో దాని ఊసే లేదు. ఎత్తు, వెడల్పు, అంచుల మందం తానే కొలిచి, ఎంత బరువు మోయగలదో గణపతిరావు లెక్కగట్టాడు. కొత్త ఇంజనును దానికి వేలాడదీసి ఎత్తవచ్చునని నిన్ననే చెప్పాడు. ఇప్పుడు కూలీలు కప్పీ గొలుసు పట్టుకున్నారు. సత్యారావు దూలం కిందే నిలబడి పురమాయిస్తున్నాడు. రేకుల మీద వాన హోరు.

"రంగు గీకే కొలిచేరా? ఏటా ఆయుధపూజకి నాన్న దానికి రంగేయిస్తారు. పాతదాని మీదే కొత్తది. నేను పుట్టకముందు నుంచీ!"

గణపతిరావు ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. ఉలితో అంచు గీకాడు. ఎరుపు, పచ్చ, నీలం పెచ్చులుగా రాలాయి. మళ్లీ కొలిచాడు. మందంలో పావువంతు వట్టి రంగే.

"ఆపండి! ఎత్తకండి!"

అప్పటికే ఇంజను నేల విడిచింది. దూలం కిర్రుమంది.

"నిన్న సరేనన్నావు, ఇప్పుడు వద్దంటన్నావు. ఆటలేటి బాబూ?" సత్యారావు గద్దించాడు. "ముహూర్తం దాటిపోతంది. లాగండ్రా!"

గణపతిరావు నిచ్చెన దిగి పరుగున వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "తప్పు నాదండీ. రంగును ఉక్కనుకున్నాను. ఇవతలికి రండి."

"నాను కదల్ను!"

"అయితే నేనూ కదలను."

వరహాలక్ష్మి చరచరా వచ్చి గణపతిరావు పక్కనే, దూలం కింద నిలబడింది.

సత్యారావు కూతుర్ని చూశాడు. పైకి చూశాడు.

"దింపండి... మెల్లిగా దింపండ్రా!"

ఇంజను నేలకు ఆనింది. గొలుసు వదులైంది. అప్పటికి గాని ఎవరూ ఊపిరి తీసుకోలేదు.

"లెక్క తప్పని తెలిసీ దాని కిందికెందుకొచ్చేరు?" వరహాలక్ష్మి నిలదీసింది.

"మీరెందుకొచ్చారు?"

అతని చొక్కా చెయ్యి ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది.

సత్యారావు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆ పిడికిలి వంక చూశాడు.

"ఇన్నాళ్లూ నాకెదురు సెప్పింది ఈ గుంటొక్కతే," అన్నాడు. "ఇంక ఇంట్లో ఇద్దరవుతారు కామోసు!"