సీరియం పొడి అంటిన చేతులు

పొద్దుటి ఎండ వంటింటి కిటికీలోంచి మెల్లగా జారి తండ్రి చొక్కా చేతుల మీద వాలింది. ఎన్ని ఉతుకులకూ పోని లేత గులాబీ పొడి అక్కడ మిలమిలలాడింది. రేర్ ఎర్త్ లోహాల్లో ఒకటైన సీరియంతో చేసిన పొడి అది. ముప్పై ఏళ్లుగా ఆయన దాన్ని నీళ్లలో కలిపి గాజుపలకలకు మెరుగు పెడుతున్నాడు. ఉపగ్రహాల సోలార్ ప్యానెళ్ల మీద కప్పే గాజు అది, ఉల్లిపొరంత పలచన. ఆ గాజులోనూ కాస్త సీరియం కలుపుతారు. అందుకే ఆకాశంలో ఏళ్ల తరబడి ఎండ కాచినా దాని రంగు మారదు.

చిన్నప్పుడు కూతురు ఆ కబుర్లు వింటూనే నిద్రలోకి జారుకునేది. నాన్న చేతి గాజు చుక్కల మధ్య తేలిపోతున్నట్టు కలలొచ్చేవి. ఇప్పుడు అదే ఫ్యాక్టరీలో తయారైన పలకల్ని తనిఖీ చేసే పని ఆమెది. నిన్న సాయంత్రం నాన్న పంపిన ఇరవై పలకల్లో పధ్నాలుగింటికి ఎర్రచుక్క పెట్టి పక్కన పడేసింది.

ఇవాళ ఆయనకు టీ గుక్క కూడా దిగలేదు.

"ఏమైందే మీ ఇద్దరికీ? ఇల్లంతా మూగబోయింది," అంది తల్లి.

"నీ కూతుర్నే అడుగు. తండ్రి పనికి వంకలు పెట్టేంత పెద్దదైంది."

"వంకలు కాదు నాన్నా, గీతలు."

"నా చేతికింద గీత పడుతుందా? నువ్వు నడక నేర్వకముందు నుంచీ చేస్తున్నానే ఈ పని!"

"అందుకే నాకూ నమ్మబుద్ధి కాలేదు. మూడుసార్లు చూశాను." ఆమె సంచిలోంచి ఒక పలక తీసి ఆయన చేతిలో పెట్టింది. "నువ్వే చెప్పు. గీత లేదంటే నా మాట వెనక్కి తీసుకుంటా."

ఆయన పలకను కిటికీకేసి ఎత్తాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"ఏదీ? అద్దంలా ఉంటేనూ!"

పొయ్యి దగ్గరున్న తల్లికి అంత దూరం నుంచే కనిపించింది, ఎండ తగిలి మూల నుంచి మూలకు మెరుస్తున్న గీత. "ఏమండీ..." అని ఆగిపోయింది.

ఆ పిలుపుతోనే ఆయనకు అర్థమైపోయింది. చెయ్యి నెమ్మదిగా కిందికి దిగింది.

"ఏడాదిగా కుడికన్నుకు మంచు పట్టినట్టుంది. ఎడమదీ ఈమధ్య అంతే. చేతులకు తెలుస్తుందిలే అనుకున్నా. కళ్లు పోయాయంటే గేటు బయట నిలబెడతారని నోరు మెదపలేదు."

"నాతోనైనా చెప్పకూడదా?"

"నీతో అస్సలు చెప్పలేకపోయానమ్మా. తనిఖీ నువ్వేగా!" నవ్వబోయి ఏడ్చేశాడు.

ఆ రోజు ఇద్దరూ కలిసే పనికి వెళ్లారు. కూతుర్ని నోరు తెరవనివ్వకుండా సూపర్‌వైజర్‌తో ఆయనే అంతా చెప్పుకున్నాడు.

"శుక్లాలేగా మేస్త్రీ! తీయించుకుని రా. అందాకా కొత్తవాళ్లకు పని నేర్పు," అన్నాడు సూపర్‌వైజర్.

మూడు వారాలకు కుడికంటికి ఆపరేషన్ అయింది. మర్నాడు పొద్దున నర్సు కట్టు విప్పింది. గది నిండా పాలలాంటి వెలుగు. ఆయన గోడను చూశాడు, పరదాను చూశాడు, కలలో నడుస్తున్నవాడిలా ఒక్కొక్క రంగునూ పలకరించాడు. చివరికి కూతురి ముఖం దగ్గర ఆగాడు. ఆమె ముందే సిద్ధం చేసుకున్న నవ్వు నవ్వింది.

ఆయన నవ్వలేదు. బొటనవేలితో ఆమె కళ్లకింది నలుపును సుతారంగా తడిమాడు.

"ఎన్నాళ్లయిందే నువ్వు నిద్రపోయి?"

ఆమె ఆయన ఒళ్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"తర్వాత ఏడుద్దువుగాని," అన్నాడు తల నిమురుతూ. "ముందు లే తల్లీ. నిన్ను చూడనీ."