దొర పడవకు దూప

దొర హైదరాబాద్ పోయిన ఆరో ఏడు ఎండకాలంల నాకు ఉత్తరం రాసిండు. "ఓదెలూ, గడిల ఉన్న తెరచాప పడవను అమ్మిపెట్టు. దాని సంగతి నీకంటె తెలిసినోడు లేడు."

నిజమే. టేకు కట్టెతోని చేసిన పద్దెనిమిది అడుగుల పడవ. ఎన్నడో బొంబాయి నుంచి తెప్పించి, మానేరు వాగు నిండిన ఏడాది సుట్టాలను ఎక్కించుకొని తిరిగెటోడు. అన్నలు, అదే నక్సలైట్లు, ఊర్లకు వచ్చుడు మొదలైనంక దొర పోయిండు. పడవ ఆయన గడి బంగ్ల వెనుక రేకుల షెడ్డుల ఉండిపోయింది.

నేను వడ్లోన్ని, గడిల కట్టెపని చేసెటోన్ని. పాత కట్టె పడవను ఎట్ల అమ్మాల్నో నాకు ఎరుకే. రంగు ఎయ్యద్దు. రంగేస్తె కొనేటోనికి అనుమానం వస్తది. సిరిసిల్లల బట్ట నేసే సాంచెల కాడ పారేసిన నూలు తెచ్చి, గుగ్గిలంల ముంచి సందులల్ల కూరిన. అవిసె నూనె రుద్దిన. లోపలి పలకల మీద సన్నటి గీతలుండె. గోర్లతోని గీసినట్టు. వాటిని రందా పట్టి చెరిపేసిన. చెరిపినంతసేపు వాటి దిక్కు సక్కగ సూడలేకపోయిన.

కొనటానికి జగిత్యాల చేపల వ్యాపారి లతీఫుద్దీన్ వచ్చిండు. సూడంగనే నచ్చింది.

"నీళ్లు పోసి సూపియ్యి ఓదెలు భాయ్. కారకపోతె రేపే లారీ తెస్త."

పడవను దిమ్మెల మీద నిలబెట్టిన. నీళ్లు మొయ్యటానికి కూలికి మనిషిని పంపుమని ఊర్ల చెప్పిన. వచ్చింది భూమవ్వ. భూమవ్వ నర్సన్న తల్లి. నర్సన్న సంఘంల తిరిగెటోడు, మూడేండ్ల కింద మాయమైండు. అన్నలల్ల కలిసిండని ఊరంత అనుకున్నది. ఆమె గూడ.

బావి నుంచి బిందె మీద బిందె. పది. ఇరవై. పోసిన నీళ్లు పోసినట్టే కనపడకుంట పోతున్నయి. లతీఫ్ వంగి పడవ కింద చెయ్యి పెట్టి చూసిండు. దుమ్ము పొడిగ ఉంది.

"నీళ్లు ఎటు పోతున్నయి?"

"ఎండిన కట్టె గదా. తాగుతది," అన్న.

లతీఫ్ నవ్వుకుంట పలక మీద వేలితోని కొట్టిండు. టక్... టక్.

లోపలి నుంచి... టక్. టక్.

పడవ తెరిచే ఉంది. లోపల ఎవ్వరు లేరు. లతీఫ్ చెయ్యి గుంజుకున్నడు. "ఎండకు కట్టె చప్పుడు చేస్తది భాయ్," అన్న. నా గొంతు నాకే అబద్ధంగ వినపడ్డది. ఆయన నా మొఖం చూసిండు. చెప్పులు దుమ్ముల ఈడ్చుకుంట జల్దిగ ఎల్లిపోయిండు.

పొద్దు వాలుతున్నది. రేకులు ఇంక వేడిగనే ఉన్నయి. నూనె వాసనల నుంచి ఇంకో వాసన... చెమటకు తడిసి ముక్కిపోయిన బట్టల వాసన.

భూమవ్వ బిందె దించి నడుం పట్టుకుంది.

"నలభై బిందెలు పోసిన కొడుకా. ఎవలికి గింత దూప?"

దూప. ఆ మాట నేను మూడేండ్ల కింద గీ షెడ్డులనే విన్న. ఆమె ముంగట కూసున్న. చెప్పిన.

పోలీసులు తరిమితె నర్సన్న గడిలకు ఉరికొచ్చిండు. అప్పుడు పడవ బోర్లేసి ఉండె. గడ్డపారతోని ఒక పక్క లేపి, లోపలికి దూరిచ్చి దించిన. లోపలున్న మనిషి ఒక్కడే దాన్ని లేపలేడు. పోలీసులు ఆ షెడ్డులనే మూడొద్దులు మకాం పెట్టిండ్రు. నాతోని మంచాలు బాగుచేయించుకున్నరు. రెండోనాడు లోపల గీకిన చప్పుడు. తర్వాత కొట్టిన చప్పుడు. "ఓదెలన్నా... దూప... నీళ్లు..." ఒక జవాను తల తిప్పిండు. నేను సుత్తె అందుకొని మంచం కోడును దబదబ కొట్టిన. లోపల చప్పుడైనప్పుడల్లా కొట్టిన. మూడోనాడు కొట్టే అవసరం రాలే.

వాళ్లు పోయినంక పడవ లేపి, మానేటి ఇసుకల నేనే పాతిపెట్టిన.

మూడేండ్లు... ఎదురుపడ్డప్పుడల్లా "నా కొడుకు కబురు తెలిసిందా ఓదెలూ" అని అడిగేది. "అడివిల మంచిగనే ఉన్నడట" అనేటోన్ని. పోయిన దసరకు నాకు జొన్నరొట్టెలు గూడ కట్టిచ్చింది, ఎవలన్న అటు పోతె ఇచ్చి పంపుమని. తీసుకున్న.

భూమవ్వ ఏడ్వలే. తిట్టలే. పడవ కాడికి పోయి అంచు పట్టుకుంది.

"తల ఏ దిక్కుండె?"

సూపిచ్చిన. ఆమె బిందె ఎత్తి, పండుకున్న మనిషికి తాగిపిచ్చినట్టు, అక్కడ సన్నటి ధారగ పోసింది. గుటక... గుటక... వినపడ్డది. ఇద్దరికీ వినపడ్డది.

"ఇంకోటి తే."

ఉరికిన. తెచ్చిన. పోసింది. మళ్ల ఉరికిన. ఎన్ని తెచ్చిన్నో తెల్వది. అరచేతులు పగిలి చేద తాడు ఎర్రగయింది. షెడ్డుల చీకటి పడ్డది.

అప్పుడు పడవల నుంచి, మెల్లగ...

"సాలు."

భూమవ్వ చేతుల బిందె ఆగింది. తల తిప్పి నన్ను చూసింది.

"సాలంటున్నవా కొడుకా?"

నేను నోరు తెరవలే. కానీ పడవల నుంచి వచ్చిన ఆ గొంతు నాదే.