మళ్లీ చెప్పమ్మా

మధ్యాహ్నం రెండింటికి ఆ గదిలో చీకటి. మందపాటి తెర వెనక ఎండ ఎక్కడో దూరదేశంలో కాస్తున్నట్టుంది. పైలట్‌గా పనిచేసే కోడలు మంచం అంచున కూర్చుని యూనిఫాం గుండీలు పెట్టుకుంటోంది... ఒకటి తప్పి ఒకటి. నాలుగింటికి విమానాశ్రయంలో ఉండాలి. కంపెనీ ఇచ్చిన పన్నెండు గంటల విశ్రాంతి అయిపోయింది. అందులో పది గంటలు జ్వరంతో ఉన్న రెండేళ్ల పాపే తీసేసుకుంది. భర్త పనిమీద ఊరెళ్లాడు.

వచ్చే వారమే కెప్టెన్ పరీక్ష. ఎనిమిదేళ్లుగా కో-పైలట్ కూర్చునే కుడివైపు సీటే. ఈ పూట రానంటే కెప్టెన్ కూర్చునే ఎడమవైపు సీటు మళ్లీ ఎప్పటికో...

అత్తగారు పాపను భుజాన వేసుకుని వచ్చింది. "పగలు పడుకునే కోడల్ని చూశాను గానీ, నిలబడి తూగే కోడల్ని ఇప్పుడే చూస్తున్నా. విను. మందు ఐదు మిల్లీ వేశాను. మళ్లీ ఎనిమిదింటికి. మీ ఆయన ఫోన్ చేస్తే చెప్పు."

కింద కంట్రోల్ టవర్ నుంచి ఏం చెప్పినా పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పడం పైలట్ల పద్ధతి. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చింది. ఉప్పు అందుకోమంటే "ఉప్పు అందుకుంటున్నా" అంటుంది. మా ఇంట్లో చిలకుందని అత్తగారు వెక్కిరిస్తూనే ఉంటుంది.

"ఎనిమిది మిల్లీ," అంది కోడలు కలలోలా. "ఐదింటికి."

పాప వీపు మీద అత్తగారి చెయ్యి ఆగిపోయింది.

"మళ్లీ చెప్పమ్మా."

"ఎనిమిది మిల్లీ... ఐదింటికి. సరిగ్గానే చెప్పాగా అత్తయ్యా?"

అత్తగారు నెమ్మదిగా పక్కన కూర్చుంది. "మీ మామగారు పోయిన రోజు లారీ బ్రేకులు ఫెయిలయ్యాయని అందరికీ చెప్పాను. బ్రేకులు బాగానే ఉన్నాయి. ఆ రోజు ఇంకో గంట పడుకుంటానన్నారు. లోడు ఆలస్యమవుతుందని... నేనే లేపాను."

ఇరవయ్యేళ్లుగా దాచుకున్న మాట అది. కోడలి కళ్లు నిండిపోయాయి.

"నా పరీక్ష అత్తయ్యా..."

"పోతే పోనీ అనను. నీకదెంతో నాకు తెలుసు. కానీ నీ వెనక కూర్చునే నూట ఎనభై మందికీ ఇళ్లల్లో అత్తలుంటారే. వాళ్లు సాధించడానికైనా మనుషులు తిరిగి వెళ్లాలిగా."

కోడలు ఏడుస్తూనే నవ్వింది. ఫోన్ తీసింది.

"పన్నెండు గంటలు ఇచ్చాం కదండీ," అన్నాడు డ్యూటీలు వేసే అధికారి.

"ఇచ్చారు. నేను నిద్రపోయింది రెండు. ఈ రోజు నడపలేను. అలసట అనే రాయండి."

"పరీక్ష తేదీ మారొచ్చు మేడమ్."

"మారనివ్వండి."

తలగడ మీద వాలగానే మంచం మబ్బులా తేలింది. ఎవరో గుండీలు విప్పుతున్నారు, దుప్పటి కప్పుతున్నారు...

"ఆరింటికి లేపండి అత్తయ్యా."

"లేపను. పాపను నేను చూసుకుంటా. నిద్ర తీరేదాకా లేపను. ఏదీ, మళ్లీ చెప్పు."

"లేపరు..." ఆ గొంతు ఎంతో ఎత్తు నుంచి వచ్చింది. "నిద్ర తీరేదాకా... లేపరు."

ఈసారి ఒక్క మాట తప్పలేదు. తెర అంచున దూరిన సన్నటి ఎండగీతను అత్తగారు మూసేసి, చిలక పడుకుందని పాప చెవిలో చెప్పింది.