అక్సా వాళ్ళింటి కిటికీ

"విండో అంటే 'గాలి కన్ను' అట. ఎర్కేనా?" అంది అక్సా, కళ్ళు పెద్దవి చేసి.

షాలేమ్‌రాజుకు ఒళ్ళు మండింది. "ఎవరు చెప్పిండ్రు?"

"డేవిడ్ సారు. పాతకాలంల ఉత్తరపు దేశాలోళ్ళ ఇండ్లకు అద్దాలు లెవ్వట. గాలికని గోడకు పొక్క పెట్టుకునేటోళ్ళట. విండ్ అంటే గాలి, ఔగ అంటే కన్ను. గదే విండో అయిందట. ఎంత మంచిగుంది!"

"నిన్న అల్మారా అనే మాట పోర్చుగీసోళ్ళ ఓడెక్కి వచ్చిందన్నవ్. ఇయ్యాల కిటికీ. రేపు చీపురు గురించి చెప్తడా?"

"చెప్తడు. ఆయనకు అన్నీ తెలుసు," అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

ఆ నవ్వే రాజు గుండెలో అగ్గి పెట్టింది. మణుగూరు బొగ్గుగని కాలనీలో ఇద్దరివీ పక్కపక్క క్వార్టర్లు. రాజు డంపర్ల వర్క్‌షాపులో మెకానిక్కు. ఖమ్మం నుంచి ఈమధ్యే వచ్చిన డేవిడ్, చర్చి హాల్లో స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తాడు. మాట మెత్తన, చొక్కా ఇస్త్రీ మడత చెదరదు. రాజుకు అది మరీ మంట.

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ తల్లి విశ్రాంతమ్మ అసలు సంగతి చెప్పింది. "పాస్టరు గారు డేవిడ్ సారుకు అక్సాను అడిగిండ్రట. ఆదివారం ఆరాధన అయినంక అక్సా నాయిన స్తెఫనన్న పాస్టరు గారికి మాట చెప్తడట."

రాజు కంచం పక్కకు జరిపి లేచాడు.

గనిలో బ్లాస్టింగ్ సైరన్ మోగిందంటే కాలనీలో అందరూ కిటికీలు బార్లా తెరుస్తారు. లేకపోతే ఆ అదురుకు అద్దాలు పగులుతాయి. కిందటి వానాకాలం అక్సా వాళ్ళ కిటికీ తలుపు ఉబ్బి బిగుసుకుపోయింది. "రాజూ, జల్దీ రా!" అని ఆమె కేకేస్తే, రాజు బయట నుంచి లాగి తీశాడు. అప్పటినుంచి ఇంట్లో ఉంటే చాలు, సైరన్ వినగానే పరుగు. తలుపు తెరుచుకోగానే ఎదురుగా ఆమె ముఖం. ఆ రోజుకి అది చాలు వాడికి.

శనివారం సైరన్ మోగింది. రాజు అక్సా వాళ్ళ గేటు దాకా ఉరికి ఆగిపోయాడు. ముందు గదిలో డేవిడ్ కూర్చుని చాయ్ తాగుతున్నాడు. అక్సా కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"గాలి కన్ను తెలిసినాయనే తీసుకోనీ," అని గొణిగి వెనక్కి మళ్ళాడు.

నేల అదిరింది. భళ్ళుమని అద్దం పగిలింది. రాజు ప్రాణం పోయినంత పనై లోపలికి ఉరికాడు. గాజు పెంకులు. అక్సా వేలి నుంచి నెత్తురు. డేవిడ్ బిత్తరపోయి చూస్తున్నాడు. రాజు చేతిరుమాలు తీసి ఆమె వేలికి చుట్టాడు.

"గేటు దాక వచ్చి ఎందుకు మర్లినవ్?" అంది అక్సా కోపంగా.

"నీ సారు ఉన్నడు గదా, తీస్తడనుకున్న."

"ఆయనకు సైరన్ సంగతేం ఎర్క?"

"మరి నువ్వు తియ్యొద్దా?"

"తియ్యొచ్చు! వానలు పోంగనే తలుపు వదులైంది. ఎండాకాలమంత చిటికెన వేలుతోని వచ్చేది. నువ్వింట్ల ఉన్ననాడు ఒక్కసారన్న తీసిన్నా నేను? నువ్వొస్తవని నిలబడేదాన్ని. ఇయ్యాల గూడ గట్లనే నిలబడ్డ."

డేవిడ్ నెమ్మదిగా లేచాడు. "మీ మనసు కనుక్కుందామని వచ్చానండీ. తెలిసింది," అని ఇద్దరికీ తలూపి వెళ్ళిపోయాడు. రాజుకు మొదటిసారి అతని మీద జాలేసింది.

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన స్తెఫను, చేతిలో హెల్మెట్‌తో గుమ్మంలో నిలబడ్డాడు. "ఏందిది?"

"అంకుల్..." రాజు గుటక మింగాడు. "అంకుల్ కాదు, మామా. పాస్టరు గారికి వద్దని చెప్పుండ్రి. అక్సా అంటే నాకు పానం."

స్తెఫను కూతురి వైపు చూశాడు. ఆమె తల దించుకుంది గానీ రాజు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పాస్టరు గారికి నేను చెప్త," అన్నాడు స్తెఫను చెప్పులు విడుస్తూ. "నువ్వు జల్దీ వోయి మీ అమ్మను తోల్కరా. పిల్లనడగనీకి ఒక్కనివే వస్తవారా?"