గంట మోగితే తెరిచే కిటికీ

"ఏమయ్యా, నీ కిటికీ బంద్ చెయ్యి!"

వైకుంఠం కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యకుండానే తలెత్తాడు. ఆ వేషం చూసి విమలకు నవ్వొచ్చింది. కానీ ఆమె వచ్చింది కొట్లాటకు.

"బంద్ చేస్తే గడియారాలు ఎట్ల బాగుచెయ్యాలె టీచరమ్మా? గాలి కోసం కాదు, వెలుతురు కోసం ఈడ కూసున్న."

"వెలుతురు నీకు, తిప్పలు మాకా? నీ కిటికీ మా క్లబ్బు వాకిట్లకే చూస్తున్నది. పర్దాల ఉండే ఆడోళ్లు రామంటున్నరు."

"నేను చూసేది ఆవగింజంత చక్రం. ఈ అద్దం పెట్టుకుంటే పక్కనున్న మా అమ్మే కనపడది."

గుమ్మంలో బియ్యం ఏరుతున్న చంద్రమ్మ, "నిజమే బిడ్డా, పిలిచినా వినపడది" అంది.

"ఆ మాట ఎవ్వలు నమ్ముతరు?" అని విమల విసురుగా మెట్లు దిగింది.

ఆ కోపంలో భయమే ఎక్కువ. మలక్‌పేటలో ఖైసర్ బేగం గారు మోటారు కొన్నాక ఖాళీ అయిన గుర్రపు బగ్గీల కొట్టానికి సున్నం వేయించి, ఆడవాళ్ల క్లబ్బు పెట్టారు. అక్కడే విమల అక్షరాలు దిద్దుకుంది. ఇప్పుడు అక్కడే దిద్దిస్తోంది. ఆ క్లబ్బే లేకపోతే ఇంట్లో కూచుని బీడీలు చుడుతూ ఉండేది. వచ్చేవాళ్లు లేక దాని తలుపులు మూతపడితే ఎలా?

మర్నాడు కిటికీ మూసి ఉంది. ఆ మర్నాడూ అంతే. బుర్ఖాలు, చీరకొంగులు మళ్లీ వాకిలి నిండా. విమల గెలిచింది.

ఒకరోజు తుంపర పడుతుంటే ఆమె సందులోంచి వస్తోంది. వైకుంఠం వీధరుగు ముందు నేల మీద మోకాళ్లతో పాకుతున్నాడు. అరుగు మీద విప్పిన గడియారం, పైన తడిసిన గొడుగు.

"ఏం పోగొట్టుకున్నవ్?"

"చక్రం. లోపల చీకటి, బయట గాలి. ఎవరి మీద లొల్లి చెయ్యాలె?"

తప్పు తనదేనని విమలకు తెలిసింది. పుస్తకాలు అరుగు మీద పడేసి తానూ వెతకడం మొదలుపెట్టింది. వాన పెరిగింది. ఇద్దరూ నిలువునా తడిశారు. ఉన్నట్టుండి అతను ఆగిపోయాడు.

"దొరికింది. నీ కుచ్చిళ్లకు అంటుకున్నది. నువ్వే తియ్యి."

ఆమె సిగ్గుపడుతూ తీసి అతని అరచేతిలో పెట్టింది. "గింత కష్టమని చెప్పకపోయినవా?"

"చెప్పిన గదా. నువ్వే నమ్మకపోతివి."

ఆ సాయంత్రమే విమల బేగం గారికి అంతా చెప్పింది. మర్నాడు పొద్దున, క్లబ్బు ఖాళీగా ఉన్నప్పుడు, బేగం తెర వెనక కూచుని వైకుంఠాన్ని వాకిట్లోకి పిలిపించారు. అతను లోపలికొస్తూనే నోరు తెరిచాడు.

"గింత పెద్ద జామచెట్టా! నేనేమో మాదన్నపేట మార్కెట్ల కొనుక్కుంట!"

చెట్టు సరిగ్గా అతని కిటికీ ఎదురుగా ఉంది. తెర వెనక బేగం పకపకా నవ్వారు.

"అరే బేటీ, కండ్ల ముందరి చెట్టునే చూడనోడు మనల్నేం చూస్తడు? క్లబ్బు ఖాళీగా ఉన్నంతసేపు కిటికీ తెరుచుకోమను. ఆడోళ్లు వస్తే గంట కొట్టు, మూస్తడు. పోయినంక కొట్టు, తెరుస్తడు."

పాత బగ్గీ గంటను చూరుకు వేలాడదీశారు. ఆ రోజు నుంచి అందరూ వెళ్లాక విమల ఒక్కతే నిలబడి గంట కొట్టేది. కిటికీ తెరుచుకునేది. అప్పుడు మాత్రం వైకుంఠం భూతద్దం తీసేసే చూసేవాడు.

చలికాలం వచ్చేసరికి అతను తన చేత్తో బాగుచేసిన గోడగడియారం క్లబ్బుకు పంపాడు, వెలుతురు తిరిగిచ్చినందుకు. అందరూ మురిసిపోయారు, విమల తప్ప. క్లబ్బు మూసే టైము గడియారమే కొట్టి చెబితే ఇక తన గంటెందుకు? ఆ సాయంత్రం ఆమె మూతి ముడుచుకుని గంట కొట్టకుండానే గేటు దాటింది.

చీకటిపడుతున్నా కిటికీ తెరుచుకోలేదు. సందులో ఇంకా తచ్చాడుతున్న ఆమెకు వైకుంఠం ఎదురొచ్చాడు.

"గంట మర్చిపోయినవా?"

"గడియారం ఉన్నది గదా!"

"అది క్లబ్బుకు. నాకు నీ గంటే కావాలె. ఎన్ని గంటలైనా నువ్వు కొట్టందే నేను కిటికీ తియ్య."

విమల తల వంచుకుంది. "గట్లయితే బాపుతోని మాట్లాడు" అని లోగొంతుకతో అంది.

మాట్లాడింది మాత్రం ఖైసర్ బేగం గారే. మోటారులో వెళ్లి, తెర వెనక నుంచే విమల తండ్రి బాలనర్సింహను ఒప్పించి, పెళ్లి క్లబ్బు వాకిట్లోనే జరిపించారు. ఆ ఒక్కరోజూ మగవాళ్లను లోపలికి రానిచ్చారు.

పెళ్లయిన మర్నాడు, కొత్త కోడలు మేడ మీద మూసిన కిటికీ పక్కన నిలబడింది. కింద ఆడవాళ్ల నవ్వులు సద్దుమణిగాయి. ఇవాళ గంటెవరు కొడతారు?

టంగుమని మోగింది.

ఆమే, వైకుంఠమూ చెరో రెక్కా తోశారు. చూరు కింద బేగం గారు ఒక్కరే, ఇంకా గంట తాడు పట్టుకుని, పైకి చూస్తున్నారు. విమల చేతులు జోడించింది.