డౌట్ల మేడమ్ ఆడపడుచు

పొద్దున్నే కుక్కర్ మూత బిగిస్తూండగా హాల్లోంచి పిలుపు వచ్చింది.

"వదినా, ఒక్క నిమిషం ఇటొస్తావా? మళ్లీ తెర మీద ఎర్రగా ఏదో వచ్చింది."

డౌట్ల మేడమ్‌కి విసుగు రాలేదు. విసుక్కోవడానికి కూడా కాస్త ఓపిక కావాలి. అది నిన్న సాయంత్రమే అయిపోయింది, రాత్రి నిద్రతో తిరిగి రాలేదు.

ఆమె ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో పనిచేస్తుంది. పైథాన్ అనే కంప్యూటర్ భాష పాఠాలు చెప్పేది వేరేవాళ్లు. పాఠం అయ్యాక అర్థం కానివాళ్లంతా వచ్చి నిలబడేది మాత్రం ఆమె టేబుల్ ముందు. అందుకే అక్కడ అందరూ ఆమెని డౌట్ల మేడమ్ అంటారు. ఏళ్ల తరబడి అవే ప్రశ్నలు. ప్రోగ్రాంలో వరుస చివర రెండు చుక్కలు పెట్టడం మరిచిపోయినవాడు ఒకడు. వరుస మొదట్లో ఖాళీ ఎక్కువ వదిలేసినామె ఒకతె. పైథాన్ వాడుకునే ఫైలు పేరే తన ఫైలుకీ పెట్టుకుని, "నిన్నటిదాకా బాగానే ఉంది మేడమ్, దానంతటదే పాడైంది" అని ఒట్టేసేవాడు ఇంకొకడు. అందరికీ ఆమె నవ్వుతూ, "ఫర్వాలేదండీ, అందరూ చేసే పొరపాటే. చివరి వరుసలో ఏముందో చదవండి" అంటుంది. సాయంత్రానికి ఆ నవ్వు మొహానికి జిగురుతో అతికించినట్టయిపోతుంది. ఇంటికొచ్చి ఊడదీసుకుంటే గాని చెంపల నొప్పి తగ్గదు.

అయితే ఇంట్లోనూ ఒక డౌటు కూర్చుని ఉంది. దాని పేరు పాప.

పేరుకే పాప. వయసు నలభైకి దగ్గరపడింది. డౌట్ల మేడమ్ భర్తకి ఒక్కగానొక్క చెల్లెలు. పెళ్లైన దగ్గర్నుంచీ మొగుడి ఇనపసామాన్ల కొట్లో కూర్చుని, మేకులూ తాళాలూ నట్లూ అన్నీ తనే చూసుకుంది. ఒకరోజు ఆ కొట్టూ, ఇల్లూ, మొగుడూ, మూడూ తనవి కావని తేలింది. రెండు సంచులతో అన్నగారింటికి వచ్చేసింది. హాలూ, పడగ్గదీ, వంటిల్లూ ఉన్న ఇంట్లో హాల్లోని దివాన్ ఆమెదైంది. సంచులు టీవీ పక్కన చేరాయి. ఏడుపు మాత్రం స్నానాలగదిలో, నీళ్ల చప్పుడు చాటున.

"నువ్వుండే చోటేగా, పాపని కూడా చేర్పించరాదూ?" అన్నాడు భర్త ఒకనాడు. "ఏదో ఒక ఉద్యోగం దొరుకుతుంది. నువ్వు ఇంట్లో కాస్త చెప్పావంటే చాలు."

ఆయనకి కళ్లద్దాల షాపులో పని. పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల చూపు పరీక్షించే మనిషికి ఇంట్లో ఏదీ కంటికి ఆనదు. 'కాస్త చెప్పడం' అంటే ఏమిటో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు.

డౌట్ల మేడమ్ చెయ్యి తుడుచుకుంటూ హాల్లోకి వచ్చింది. పాప మోకాళ్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, అది కరుస్తుందేమో అన్నట్టు చూస్తోంది.

"ఇటివ్వు."

నిలబడే లాప్‌టాప్ అందుకుని, టకటకా నాలుగు చోట్ల కొట్టి, రెండు వరుసలు తీసేసి, మూడు వరుసలు కొత్తగా రాసి, తిరిగి ఒళ్లో పెట్టేసింది. "అయిపోయింది. పంపించెయ్."

"ఏం చేశావు వదినా?"

"తర్వాత చెప్తాలే. బస్సు వెళ్లిపోతుంది."

ఆ 'తర్వాత' అన్నది ఎప్పుడూ రాలేదు. పాప కోర్సులో చేరాక ఇచ్చిన మొదటి అభ్యాసం దగ్గర్నుంచీ ఇదే తంతు. పాప సగం రాయడం, ఆగిపోవడం, వదిన వచ్చి పూర్తిచేసి పోవడం. కోర్సు పూర్తయ్యేసరికి పాపకి మంచి మార్కులు వచ్చాయి. అన్నగారు ఆ కాగితం పట్టుకుని మురిసిపోయాడు. పాప మురవలేదు. ఆ సంగతి డౌట్ల మేడమ్ చూసింది, చూసి ఊరుకుంది.

ఒక మందుల గోడౌను నుంచి పిలుపు వచ్చింది. ఏ మందు ఎంత ఉందో, ఏది అయిపోవస్తోందో చూసే విభాగంలో మనిషి కావాలట. కొట్టు నడిపిన అనుభవం ఉంది, పైథాన్ వచ్చు, కాబట్టి రమ్మన్నారు.

"ఈ ఆదివారం ఒక్క పూట నాతో కూర్చోవా వదినా?" అంది పాప, ఉల్లిపాయలు తరుగుతూ. "నిజం చెప్పాలంటే నాకేమీ రాదు."

"ఎందుకు రాదూ? అన్నీ చేసి పంపించావుగా? ఊరికే కంగారుపడకు, ధైర్యంగా వెళ్లిరా."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె మనసులో మెదిలింది వేరు. ఉద్యోగం వస్తే జీతం వస్తుంది. జీతం వస్తే ఎక్కడో చిన్న గది చూసుకుంటుంది. హాలు మళ్లీ హాలవుతుంది. ఆ ఆలోచనని ఆమె పూర్తిగా అనుకోలేదు, తరిమెయ్యనూ లేదు.

పాప వెళ్లొచ్చిన రోజు సాయంత్రం డౌట్ల మేడమ్ ఇల్లు చేరేసరికి తలుపు ఓరగా తెరిచి ఉంది. లైటు వెయ్యలేదు. పాప దివాన్ మీద, చెప్పులు కూడా విప్పకుండా, ఒళ్లో చేతిసంచితో కూర్చుని ఉంది. బస్టాపులో బస్సు కోసం కూర్చున్న మనిషిలా ఉంది.

"ఎలా జరిగింది?"

"మర్యాదస్తులు వదినా. బాగా మాట్లాడారు. మంచినీళ్లిచ్చారు."

"మరి?"

"దరఖాస్తుతో నేను పంపిన అభ్యాసం ఒకటి తెరిచారు. 'ఇక్కడ ఇంట్ అని ఎందుకు రాశారండీ?' అని అడిగాడు వాళ్లలో ఒకాయన. ఆ మాట అక్కడుందని నాకు అప్పుడే తెలిసింది. పాపం, చిన్నది ఇద్దామని, రెండు అంకెలు అడిగి కలిపి చూపించమన్నాడు. రాశాను. ఐదు కొట్టాను, ఇంకో ఐదు కొట్టాను. యాభై ఐదు వచ్చింది." పాప నవ్వబోయింది గాని అది నవ్వు కాలేదు. "ఇన్నేళ్లు కొట్లో లెక్కలన్నీ నోటితో చేసినదాన్ని వదినా! ఐదూ ఐదూ యాభై ఐదని చూపించి, వాళ్ల మొహాలు చూస్తూ కూర్చున్నాను."

ఆ క్షణంలో దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేసి ఉంటే సరిపోయేది. కాని రోజంతా ఆ ప్రశ్నకే జవాబు చెప్పి వచ్చిన నోరు ఆగలేదు.

"అదేనా? మనం కొట్టిందేదైనా అది అక్షరాల్లాగే తీసుకుని పక్కపక్కన పెట్టేస్తుంది, ఇంట్ అని రాసి అంకె చెయ్యాలి. అది మొదటి వారం పాఠం పాపా!"

"మొదటి వారం పాఠం నువ్వే రాశావు వదినా."

డౌట్ల మేడమ్ చేతిలోని గొడుగు మేకుకి తగిలించబోయి ఆగింది. "అంటే? తప్పు నాదా ఇప్పుడు? నీకోసం మా కేంద్రం పెద్దాయన్ని బతిమాలి సీటు ఇప్పించాను. పొయ్యిమీద గిన్నె వదిలేసి వచ్చి నీ పని చేసిపెట్టాను..."

"చేసిపెట్టావు. అదే అంటున్నాను." పాప గొంతు పెంచలేదు. "ముక్కూ మొహం తెలీని వాళ్లందరికీ అర్థమయ్యేదాకా చెప్తావట కదా. క్లాసులో నా పక్కన కూర్చున్న అమ్మాయి నిన్ను ఒకటే పొగిడేది. ఇవాళ అక్కడ ఆయన కూడా, 'కంగారుపడకండి, అందరూ చేసే పొరపాటే' అన్నాడు. నాతో ఒక మనిషి ఆ మాట అనడం అదే మొదటిసారి. నువ్వు వాళ్లకి నేర్పుతావు, నాకు చేసిపెడతావు. ఎందుకంటే వాళ్లు నేర్చుకోవాలి. నేను వెళ్లిపోవాలి."

"అవును, వెళ్లాలి!" అనేసింది డౌట్ల మేడమ్. గొడుగు జారి కిందపడింది. "ఇంటికొస్తే కూర్చోడానికి నాకంటూ ఒక మూల లేదు. గుమ్మంలో కాలు పెట్టానో లేదో, వదినా! అక్కడా డౌట్లే, ఇక్కడా డౌట్లే. ఎవరైనా ఒక్కరోజు, నీకెలా ఉందని అడిగారా? నేను మనిషిని కానా?"

అప్పుడే భర్త లోపలికి వచ్చాడు. ఇద్దరి మొహాలూ చూశాడు. "ఏమైంది?"

"ఏం లేదు" అన్నారిద్దరూ ఒకేసారి.

"ఏం లేనిది మెట్ల దాకా వినిపిస్తోందే?"

పాప లేచి, చెప్పులు విప్పి, వాటిని తలుపు పక్కన జాగ్రత్తగా సర్దింది. "అన్నం వండుతాను" అంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. భర్త గొడుగు తీసి మేకుకి తగిలించాడు. "చెప్పమని అడగడం నావంతు, చెయ్యడం నీవంతు అనుకున్నాను" అన్నాడు, నేలకేసి చూస్తూ. "నువ్వు అలిసిపోయి వస్తావని తెలుసు. తెలిసీ తెలీనట్టున్నాను."

ఆ తర్వాత హాల్లోంచి పిలుపులు ఆగిపోయాయి. పాప తెల్లారకముందే లేచి దుప్పటి మడిచేసేది. సంచులు దివాన్ కిందికి తోసేసింది. వదిన ఇంట్లో ఉన్నంతసేపూ వంటింట్లోనో, వరండాలోనో ఉండేది. డౌట్ల మేడమ్‌కి కావలసిన నిశ్శబ్దం దొరికింది. అందులో కూర్చోవడం ఆమెవల్ల కాలేదు.

ఆ వారం శిక్షణ కేంద్రంలో డౌట్ల టేబుల్ దగ్గర సాయానికి ఒక కొత్తమ్మాయిని వేశారు. చురుకైన పిల్ల. ఒక పెద్దావిడ తడబడుతుంటే, కొత్తమ్మాయి కీబోర్డు తనవైపు లాక్కుని గబగబా సరిచేసి, "అయిపోయిందండీ, తర్వాతివాళ్లు రండి" అంది. ఆవిడ చేతులు రెండూ వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుని, అర్థమైనట్టు తలూపి వెళ్లిపోయింది.

"అలా ఎప్పుడూ చెయ్యకు" అంది డౌట్ల మేడమ్. "వాళ్ల కీబోర్డు మనం ముట్టుకోకూడదు. ముట్టుకున్నామంటే అది సాయం కాదు. వాళ్లని తొందరగా వదిలించుకోవడం."

అని, ఆగిపోయింది.

"ఏంటి మేడమ్?" అంది కొత్తమ్మాయి.

"ఏం లేదు. నువ్వు చూస్తుండు, ఇప్పుడే వస్తాను." వరండాలో మంచినీళ్ల డ్రమ్ము దగ్గర నిలబడి గ్లాసు నింపుకుంది, తాగడం మరిచిపోయింది. ఇన్నేళ్లలో ఆ టేబుల్ దగ్గర ఎవరి కీబోర్డూ ఆమె ముట్టుకోలేదు. ముట్టుకున్నదల్లా పాపదే. ప్రతిసారీ ఒళ్లోకి ముడుచుకున్న ఆ చేతుల్ని చూస్తూనే ఉంది. చూసి, బస్సు ఎక్కేసింది.

ఆదివారం పొద్దున్న పాప వరండాలో బట్టలు ఆరేసి వచ్చేసరికి డౌట్ల మేడమ్ దివాన్ మీద ఒక చివర కూర్చుని ఉంది.

"లాప్‌టాప్ తియ్యి పాపా."

"వద్దులే వదినా. బట్టల షాపులో మనిషి కావాలంటే అడిగొచ్చాను. నాకు సరిపోయే పని అది."

"కూర్చో. నువ్వన్న మాట నిజం." డౌట్ల మేడమ్ దివాన్ రెండో చివర చూపించింది. "నిన్ను తొందరగా పంపించెయ్యాలనే చేసిపెట్టాను. సాయం చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. పరాయివాళ్లకి పెట్టిన ఓపికలో పిసరంత కూడా నీకు మిగల్చలేదు." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఈ హాలు ఖాళీగా ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. నీ దగ్గర అబద్ధమెందుకు?"

పాప రెండో చివర కూర్చుంది.

"నాకూ అనిపిస్తుంది వదినా. మీ దివాన్ నా నడుం విరగ్గొడుతోంది" అంది. ఇద్దరికీ ఒకేసారి నవ్వూ ఏడుపూ వచ్చాయి. "వెళ్తాను. కాని ఎవరో తోస్తే కాదు. చేతిలో ఒక పని పట్టుకుని వెళ్లాలి. నీకు ఓపికుంటేనే చెప్పు. లేకపోతే, ఈపూట వద్దు అని చెప్పు. నేనేమీ అనుకోను. చేసిపెట్టడం మాత్రం వద్దు."

"సరే."

పాప లాప్‌టాప్ తెరిచింది. మందుల గోడౌను వాళ్లు అడిగినలాంటిదే ఒకటి రాస్తానంది. దగ్గుమందు, కట్టుగుడ్డ, దూది, జ్వరం మాత్రలు. ఏది ఎన్ని ఉన్నాయో, ఎన్నిటికి తగ్గితే మళ్లీ తెప్పించాలో రాసుకుంది. తెప్పించాల్సిన రకాలు ఎన్నో లెక్క చెప్పాలి. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. రెండుసార్లు ఎర్రగా వచ్చింది. రెండుసార్లూ చివరి వరుస పైకి చదువుకుని, తనే దిద్దుకుంది. డౌట్ల మేడమ్ తన చేతులు రెండూ ఒళ్లో కట్టుకుని కూర్చుంది. అదేమంత తేలిక కాలేదు.

చివరికి ప్రోగ్రాం నడిచింది. సున్నా అని చూపించింది.

"సున్నా ఏంటి? దగ్గుమందు తక్కువుంది, కట్టుగుడ్డ తక్కువుంది. రెండు రావాలిగా?"

ఎక్కడుందో డౌట్ల మేడమ్‌కి చూడగానే కనిపించింది. నోరు తెరిచింది.

"చెప్పకు వదినా" అంది పాప, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "నన్ను చూడనీ."

ఇన్నేళ్లలో ఆమెతో ఎవరూ ఆ మాట అనలేదు. డౌట్ల మేడమ్ నోరు మూసుకుంది. దిండుకి చేరబడింది. చేతులు వాటంతటవే వదులయ్యాయి.

భర్త టీ కప్పులు పట్టుకొచ్చి, ఇద్దరినీ చూసి, సంగతి తెలుసుకుని, "తెలిస్తే చెప్పెయ్యొచ్చు కదా" అన్నాడు.

"నువ్వూరుకో అన్నయ్యా!"

టీ చల్లారిపోయింది. కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఉన్నట్టుండి పాప తొడ చరుచుకుంది.

"దొరికింది! లెక్క సున్నా అని రాసిన వరుస, మందులన్నీ వరసగా తిరిగి చూసే లూపు లోపల పెట్టాను. ఒక్కో మందు దగ్గరికి వెళ్లినప్పుడల్లా లెక్క మళ్లీ సున్నా అయిపోతోంది. దాన్ని పైకి జరిపితే..." నొక్కింది. "రెండు! చూశావా వదినా, రెండు!"

"నాకర్థం కాలేదు" అన్నాడు అన్నగారు. "సున్నా పైన రాస్తే ఏంటి, లోపల రాస్తే ఏంటి?"

"ఇటు కూర్చో, చెప్తాను" అంది పాప. చెప్పింది. ఆయనకి ఎక్కలేదు. కొట్లో మేకులు లెక్కపెట్టినట్టు చేతివేళ్లతో మళ్లీ మొదట్నుంచీ చెప్పింది. ఆయన ఇంకో ప్రశ్న వేశాడు. ఆమె దానికీ జవాబు చెప్పింది.

డౌట్ల మేడమ్ కళ్లు మూసుకుని వింటోంది. ఇంట్లో ఎవరో డౌటు అడుగుతున్నారు, ఎవరో చెబుతున్నారు. తను లేవక్కర్లేదు. రెప్పల కింద వెచ్చగా తడి ఊరింది. తుడుచుకుందామని చెయ్యి ఎత్తబోయింది గాని, అది సగంలోనే ఆగిపోయింది. పాప దివాన్ మీదే, పాప దిండు మీదే, వాళ్ల మాటలు వింటూ వింటూ ఆమెకి నిద్రపట్టేసింది.