పాత సీపీయూ ముసుగు

ఏజెంట్ రెంచికి శత్రు గూఢచారుల మీదకంటే తన చీఫ్ సీలుదొర మీదే ఎక్కువ మంట. కొత్త కంప్యూటర్ వస్తే సీలుదొర ముందు దానికి సీలు వేయిస్తాడు, తర్వాత తన గదిలో పెట్టించుకుంటాడు. డిపార్ట్‌మెంట్ పద్ధతే అది. కొత్త మెషిన్ పెద్ద కుర్చీకి, అక్కడ పాతబడ్డది కింది కుర్చీకి, మూలుగుతున్నది ల్యాబ్‌కి. ఎనిమిదో తరగతితో బడి మానేసి రిపేరు షాపులో పెరిగిన రెంచి, పదకొండేళ్లుగా ఆ ల్యాబ్‌లోనే ఉన్నాడు.

ఉదయం పదకొండూ ఇరవై. ల్యాబ్ తలుపు తెరుచుకుంది. నీలం పట్టు స్కార్ఫ్, నల్ల కళ్లద్దాలు.

"వాన ఎటు పోయింది?" రెంచి కోడ్ అడిగాడు.

"గొడుగు మర్చిపోయినవాళ్ల ఇంటికి."

డబుల్ ఏజెంట్ సీతాకోక. రెండేళ్లుగా విదేశీ ముఠా జీతం తింటూ, ఇటు కబుర్లు మోస్తున్న మనిషి. లిప్‌స్టిక్ గొట్టం అడుగు తిప్పి పెన్‌డ్రైవ్ తీసింది.

"పన్నెండింటికి డ్యామ్ గేట్లన్నీ రిమోట్‌తో ఎత్తేస్తారు. ఆపే కోడ్ వాళ్ల లినక్స్ సిస్టమ్‌లోనే తయారవుతుంది. సిస్టమ్ మొత్తం ఇందులో ఉంది. బూట్ చెయ్యి బావా. మా చెల్లి డ్యామ్ దిగువ వీధిలోనే ఉంటుంది."

"ఊరు ఖాళీ చేయిస్తే?"

"నలభై వేల మందిని? నలభై నిమిషాల్లో?"

రెంచి పెన్‌డ్రైవ్ అందుకున్నాడు. శత్రువుల సిస్టమ్‌ని నేరుగా నడపకూడదు. కంప్యూటర్ లోపలే ఒక ఉత్తుత్తి కంప్యూటర్ కట్టి, ఆ వర్చువల్ మెషిన్‌లో బంధించి నడపాలి. కట్టాడు. బూట్ నొక్కాడు.

తెర మీద రెండే లైన్లు. సీపీయూ వీ-త్రీ లెవెల్‌లో లేదు. కెర్నల్ పానిక్. అంటే సిస్టమ్ మొదలవకుండానే చచ్చింది.

"అనుకున్నా!" వెనక సీలుదొర గొంతు. "నకిలీ సరుకు. మనల్ని కూర్చోబెట్టి టైం తినేస్తోంది. గార్డ్స్, బేడీలెయ్యండి!"

సీతాకోక చేతులు చాపింది. "వేసుకోండి సార్. కోడ్ మాత్రం తియ్యండి."

"సరుకు అసలుదే సార్," అన్నాడు రెంచి. "కొత్త లినక్స్. పాత సీపీయూకి రాని పనులు అడుగుతోంది. ఈ డొక్కుకి పదమూడేళ్లు. మీ గదిలోది కొత్తది."

"దాని యూఎస్‌బీకి సీలుంది."

"డ్యామ్‌కి లేదు సార్."

పదకొండూ నలభై ఆరు. సీలుదొర గదిలో తెర మీద సగం ఆడిన పేకాట. రెంచి స్క్రూడ్రైవర్‌తో సీలు పెకలించి, ల్యాబ్‌లోని వర్చువల్ మెషిన్‌ని ఉన్నదున్నట్టు ఈ కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. బూట్.

అవే రెండు లైన్లు.

"ఇప్పుడేమంటావురా రెంచీ?" సీలుదొర గొంతులో సంతోషం దాగలేదు.

సీతాకోక తెరవైపు చూడటం లేదు, రెంచి మొహమే చూస్తోంది. వస్తువులో తప్పు లేకపోతే బిగింపులో ఉంటుంది. రిపేరు షాపులో అదొక్కటే నేర్చుకున్నాడు. సెట్టింగ్స్ తెరిచాడు. దొరికింది.

ఏ వర్చువల్ మెషిన్ అయినా ఆఫీసులో ఏ డొక్కు మీదకైనా మార్చుకునేలా ఉండాలని సీలుదొర ఆర్డర్. అందుకే దానికి అన్నిటికంటే పాత సీపీయూ ముసుగే చూపించాలి. పదకొండేళ్లుగా రెంచి వేళ్లు ఆ లైన్ వాటంతటవే కొట్టేస్తున్నాయి. ఈరోజు కూడా కొట్టేశాయి. కింద కుర్ర సీపీయూ ఉన్నా, లోపలి లినక్స్‌కి ముసలిదే కనిపిస్తోంది.

"వేషం నేనే కట్టా," గొణిగాడు. ఆ లైన్ చెరిపి 'హోస్ట్' అని కొట్టాడు. అసలు మొహం చూపించమని.

పదకొండూ యాభై ఏడు. లైన్లు జలజలా పరుగెత్తాయి. పాస్‌వర్డ్ అడిగింది. సీతాకోక బేడీల చేతులతోనే కొట్టింది. ఎనిమిది అంకెలు మెరిశాయి.

రెంచి ఫోన్‌లో ఒక్కో అంకె చదివాడు. చివరి అంకె దగ్గర గోడ గడియారంలో పన్నెండు గంటలు మోగాయి. అవతల డ్యామ్ ఇంజనీర్ ఊపిరి వినిపిస్తోంది.

"గేట్లు కదిలాయండీ..."

సీతాకోక కళ్లు మూసుకుంది.

"...ఆగాయి. జానెడు లేచి ఆగాయి."

గార్డ్ బేడీలు విప్పుతుంటే, సీతాకోక అప్పటికే చెల్లెలికి ఫోన్ కలిపి తిడుతోంది. "మొద్దూ, ఎత్తడానికి ఇంతసేపా?"

సీలుదొర తెర వంక దిగులుగా చూశాడు. "నా ఆట పోయింది."

వారం తర్వాత డిపార్ట్‌మెంట్ నుంచి రెంచికి కవరొచ్చింది. మెడల్ కాదు. అనుమతి లేకుండా సీలు పెకలించినందుకు జీతంలో కోత: పదకొండు వేల నాలుగు వందల అరవై.